మార్చకముందే కొలవండి
తోట ట్రాక్టర్‌లో కరెంటు లోపాన్ని సొంతంగా పట్టుకునే పద్ధతి

ట్రాక్టర్ సెల్ఫ్ తీసుకోకపోతే ఎవరైనా మొదట అనుమానించేది బ్యాటరీనే. కొత్త బ్యాటరీ తెచ్చి పెడతారు. కొన్నాళ్లు బాగానే నడుస్తుంది, తర్వాత మళ్లీ అదే మొరాయింపు. ఈసారి సెల్ఫ్ మోటార్ విప్పుతారు, ఆ తర్వాత ఆల్టర్నేటర్ మీద పడతారు. వేలకు వేలు పోశాక చివరికి దొరికేది ఒక వదులు బోల్టో, రంగు మీద బిగించిన ఎర్త్ లగ్గో అవుతుంది. మార్చిన సామాను మంచిదే, తీసేసిన సామానూ మంచిదే. చెడిపోయింది వాటి మధ్య ఉన్న అతుకు.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచింది ఒక్కటే. కరెంటు లోపాన్ని ఊహతో వెతక్కండి. బ్యాటరీ దగ్గర బయలుదేరిన కరెంటు ఎక్కడిదాకా వెళ్లింది, ఎక్కడ ఆగింది అన్నది కొలిచి తెలుసుకోండి. ఆగిన చోటు దొరికేదాకా ఏ పార్టూ మార్చకండి. దీనికి ఇంజనీరింగ్ చదువు అక్కర్లేదు. ఒక చిన్న మీటరు, కాస్త ఓపిక, ఒక క్రమం ఉంటే చాలు.

తోటలో తిరిగే బండికి కష్టాలు ఎక్కువ

నల్గొండ బత్తాయి తోటల్లో, అనంతపురం చీనీ తోటల్లో, నూజివీడు మామిడి తోటల్లో సాళ్ల మధ్య తిరగడానికి వాడే మినీ ట్రాక్టర్లు చాలావరకు 15 నుంచి 28 హెచ్‌పీ లోపువి. మహీంద్రా యువరాజ్ 215, స్వరాజ్ 717, కుబోటా బీ2441 లాంటివి. కంపెనీ ఏదైనా కరెంటు ఏర్పాటు మాత్రం ఒకటే: 12 వోల్టుల బ్యాటరీ, సెల్ఫ్ మోటార్, ఆల్టర్నేటర్, వీటిని కలిపే వైరింగ్.

పెద్ద ట్రాక్టర్‌కు లేని ఇబ్బందులు దీనికి కొన్ని ఉన్నాయి. కొమ్మల కింద దూరినప్పుడు హెడ్‌లైట్ వైర్లు, ఇండికేటర్ వైర్లు తెగుతాయి. రోటావేటర్ అదురుకు నట్లు వదులవుతాయి. షెడ్డులో నిలిపిన కాలంలో ఎలుకలు, ఉడతలు వైర్ల తొడుగు కొరికేస్తాయి. అన్నిటికంటే మించింది మందు పిచికారీ. బోర్డో మిశ్రమంలో ఉండే మైలుతుత్తం లోహాన్ని తినేస్తుంది. ఆ తుంపర గాలికి కొట్టుకొచ్చి టెర్మినళ్ల మీద, కనెక్టర్లలో చేరితే చిలుము పట్టడానికి ఎక్కువ కాలం పట్టదు. అందుకే తోట ట్రాక్టర్‌లో పార్టుల కంటే ముందు అతుకులు పాడవుతాయి.

చెయ్యి పెట్టే ముందు

ఈ నాలుగు నియమాలను తు.చ. తప్పకుండా పాటించండి.

ఒకటి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి, బ్రేకు లాక్ వేసి ఉండాలి, పీటీఓ ఆపి ఉండాలి.

రెండు. బ్యాటరీ విప్పేటప్పుడు నెగెటివ్ వైరు ముందు తీయండి. బిగించేటప్పుడు దాన్ని చివర బిగించండి. ఇలా చేస్తే పాజిటివ్ నట్టు తిప్పుతున్న స్పానర్ పొరపాటున బాడీకి తగిలినా నిప్పు రాదు. చార్జింగ్ అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది కాబట్టి దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల, మంట ఏవీ ఉండకూడదు. చేతి ఉంగరం, కడియం తీసి పక్కన పెట్టండి.

మూడు. కింద నిలబడి స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్ టెర్మినళ్లను కలిపి డైరెక్టుగా స్టార్ట్ చేయకండి. బండి గేరులో ఉందంటే లేచిన క్షణంలోనే మీ మీదికి వస్తుంది. వెనక చక్రం పక్కనే నిలబడిన మనిషికి తప్పుకునే వ్యవధి ఉండదు. "ఎన్నోసార్లు చేశాం, ఏం కాలేదు" అన్నది ధైర్యం కాదు. ఆ అలవాటును ఇవాళే మానండి. మీ డ్రైవర్‌తో కూడా మాన్పించండి.

నాలుగు. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి "డైనమో పనిచేస్తోందా" అని చూసే పాత పద్ధతి వద్దు. ఆల్టర్నేటర్‌లోని డయోడ్లు, రెగ్యులేటర్ దాంతో కాలిపోతాయి. ట్రాక్టర్‌కు వెల్డింగ్ చేయించేటప్పుడు కూడా బ్యాటరీ వైర్లు, ఆల్టర్నేటర్ వైర్లు విప్పించండి.

దగ్గర ఉంచుకోవాల్సినవి

ఒక సాధారణ డిజిటల్ మల్టీమీటర్, 12 వోల్టుల బల్బుకు రెండు వైర్లు అతికించిన టెస్ట్ ల్యాంపు, హైడ్రోమీటర్, ఉప్పు కాగితం, వంట సోడా, వాజలిన్, సరిపడే స్పానర్లు. ఇవన్నీ కలిపినా ఒక కొత్త బ్యాటరీ ఖరీదు కంటే చాలా తక్కువ. మీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టడం వస్తే ఈ అధ్యాయంలోని పనుల్లో చాలావాటికి అది సరిపోతుంది.

ముందు వినండి, తర్వాత విప్పండి

తాళం తిప్పినప్పుడు బండి చేసే శబ్దంలోనే సగం సమాధానం ఉంటుంది. హెడ్‌లైట్ వేసి ఉంచి తాళం తిప్పండి. చెవి సెల్ఫ్ మీద, కన్ను లైటు మీద ఉండాలి.

టకటకటక అని వరసగా కొట్టుకుంటూ లైటు వెలిగి ఆరుతుంటే బ్యాటరీ దిగిపోయి ఉండవచ్చు, లేదా టెర్మినల్ వదులై ఉండవచ్చు.

ఒక్కసారి టక్ అని ఆగిపోయి, లైటు మాత్రం ఏమీ తగ్గకుండా ఉంటే బ్యాటరీలో కరెంటు ఉంది, అది మోటార్‌కు చేరడం లేదు. లావు వైర్ల అతుకులు, సొలినాయిడ్ లోపలి కాంటాక్టులు, కార్బన్ బ్రష్‌లు చూడాలి.

టక్ అని ఆగి, లైటు పూర్తిగా మసకబారితే బ్యాటరీ బలహీనం కావచ్చు, మోటార్ గానీ ఇంజన్ గానీ బిగుసుకుపోయి కావచ్చు.

ఏ శబ్దమూ లేకపోతే లోపం సన్న వైర్ల దారిలో ఉంది: ఫ్యూజు, తాళం స్విచ్, క్లచ్ లేదా న్యూట్రల్ సేఫ్టీ స్విచ్.

మోటార్ తిరుగుతూనే ఉంది గానీ నీరసంగా తిరుగుతోంది అంటే కింద చెప్పబోయే, పని చేస్తుండగా కొలిచే పరీక్ష తప్పనిసరి.

బ్యాటరీ: దోషి అని తేల్చే ముందు

బ్యాటరీలో ఆరు సెల్లులు ఉంటాయి. ఒక్కోటి సుమారు 2.1 వోల్టులు. కాబట్టి నిండుగా చార్జ్ అయి, కొన్ని గంటలు విశ్రాంతిగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల పైన చూపాలి. 12.4 ఉంటే ముప్పాతిక చార్జ్, 12.2 ఉంటే సగం, 12.0 అంటే పావు వంతే మిగిలిందని లెక్క. చార్జర్ నుంచి తీసిన వెంటనే కొలిస్తే ఎక్కువ చూపి మోసం చేస్తుంది. అప్పుడు హెడ్‌లైట్ రెండు నిమిషాలు వేసి ఆర్పి, కాసేపు ఆగి కొలవండి.

మూతలు తీసే రకమైతే హైడ్రోమీటర్‌తో ఒక్కో సెల్లును విడిగా చూడండి. నిండు చార్జ్‌లో 1.265 దగ్గర ఉంటుంది. ఆరింటిలో ఒకటి మాత్రం మిగతావాటి కంటే 0.050 లేదా అంతకు మించి తక్కువ చూపుతుంటే ఆ సెల్లు పోయినట్టే. అన్నీ సమానంగా తక్కువ ఉంటే బ్యాటరీని తప్పుపట్టకండి, దానికి చార్జింగ్ అందడం లేదు. ప్లేట్లు మునిగేలా డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి. బోరు నీళ్లు, యాసిడ్ పోయకూడదు.

టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటే వైర్లు విప్పి, వంట సోడా కలిపిన నీళ్లతో కడగండి. ఆ నీళ్లు సెల్లుల్లోకి పోకుండా మూతలు బిగించి ఉంచండి. ఆరాక బ్యాటరీ పోస్టునూ, టెర్మినల్ లోపలి వైపునూ ఉప్పు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన వాజలిన్ రాయండి. లోపం దొరక్క తల పట్టుకున్న బళ్లలో చాలావాటికి ఈ ఒక్క పనితోనే ప్రాణం లేచొస్తుంది.

అసలు పరీక్ష: పని చేస్తుండగా కొలవడం

డ్రిప్ వేసిన రైతుకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఫిల్టర్ సగం పూడుకుపోయినా, వాల్వు కట్టి ఉన్నప్పుడు ఫిల్టర్ రెండు వైపులా ప్రెషర్ ఒకటే చూపుతుంది. వాల్వు తిప్పి నీళ్లు పారించినప్పుడే అవతలి ముల్లు పడిపోతుంది. వోల్టేజీ కూడా అంతే. చిలుము పట్టిన అతుకు దగ్గర తాళం తిప్పకుండా కొలిస్తే 12.6 వోల్టులే కనిపిస్తుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు, అంటే వంద ఆంపియర్ల పైన కరెంటు పారుతున్నప్పుడే ఆ అతుకు బండారం బయటపడుతుంది.

లెక్క చూడండి. ఒక అతుకులో ఓమ్‌లో నూరో వంతు నిరోధం ఉందనుకుందాం. మామూలు మీటరు ఓమ్స్‌లో పెట్టి కొలిస్తే అది సున్నా కిందే లెక్క. కానీ 150 ఆంపియర్లు పారినప్పుడు అక్కడ ఒకటిన్నర వోల్టు పోతుంది. ఉన్నదే పన్నెండు. మోటార్ నీరసపడదా?

పరీక్ష ఇలా చేయాలి. ఇంజన్ లేవకుండా స్టాప్ కేబుల్ లాగి ఉంచండి. స్టాప్ సొలినాయిడ్ ఉన్న బండి అయితే దాని వైరు తీయండి. ఒకరు సీటు మీద కూర్చుని తాళం తిప్పాలి, మీరు మీటరు చూడాలి. ఒకసారికి పది సెకన్లు మించి తిప్పకండి. మధ్యలో ఒకటి రెండు నిమిషాలు మోటార్‌ను చల్లారనివ్వండి. వైర్లు, బట్టలు, చేతులు ఫ్యాను బెల్టుకు దూరంగా ఉండాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విశ్రాంతిలో బ్యాటరీ 12.6 చూపుతోంది, సెల్ఫ్ మాత్రం ఈడ్చుకుంటూ తిరుగుతోంది.

మొదటి కొలత: మీటరు రెండు ముళ్లూ బ్యాటరీ పోస్టుల మీదే పెట్టి సెల్ఫ్ కొట్టించారు. 11.4 వోల్టులు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ 9.6 కిందికి పడితే దాన్ని అనుమానించాలి. ఇక్కడ 11.4 ఉంది. అంటే బ్యాటరీ నిర్దోషి.

రెండో కొలత: ఒక ముల్లు సెల్ఫ్ మోటార్ లావు బోల్టు మీద, రెండోది మోటార్ బాడీ మీద. 8.9 వోల్టులు. దారిలో రెండున్నర వోల్టులు పోయాయి.

మూడో కొలత: ఒక ముల్లు బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీద, రెండోది మోటార్ లావు బోల్టు మీద. 0.3 వోల్టు. అర వోల్టు లోపు ఉంటే ఈ వైపు బాగున్నట్టే.

నాలుగో కొలత: ఒక ముల్లు బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీద, రెండోది మోటార్ బాడీ మీద. 2.2 వోల్టులు. ఇక్కడ 0.3 దాటకూడదు. దొంగ దొరికింది, ఇక వాడి గది వెతకాలి.

ఐదో కొలత: నెగెటివ్ పోస్టు నుంచి ఎర్త్ వైరు చివరి లగ్గు దాకా 0.1. లగ్గు నుంచి పక్కనే గీకిన ఇంజన్ ఇనుము దాకా 2.1. లగ్గు విప్పి చూస్తే కింద రంగు పొర, దాని మీద తుప్పు. కిందటి సారి బండికి రంగు వేయించినప్పుడు దాన్ని గీకకుండానే బిగించారు. ఉప్పు కాగితం, స్పానర్, పది నిమిషాల పని. కొత్త బ్యాటరీ కొని ఉంటే? కొత్తదానికి ఊపు ఎక్కువ కాబట్టి కొన్నాళ్లు నెట్టుకొచ్చేది. ఆ తర్వాత కథ మళ్లీ మొదటికే వచ్చేది.

గమనించండి, ఐదు కొలతల్లో ప్రతిదీ అనుమానించాల్సిన చోటును కుదించింది. పద్ధతిలోని బలమంతా ఇదే.

శబ్దమే రాకపోతే: దారిని సగానికి విరవండి

తాళం తిప్పితే సన్న వైరు దారిలో కరెంటు ఇలా పోతుంది: బ్యాటరీ, మెయిన్ ఫ్యూజు, తాళం స్విచ్, సేఫ్టీ స్విచ్, సొలినాయిడ్ సన్న టెర్మినల్. కొన్ని బళ్లలో మధ్యలో రిలే కూడా ఉంటుంది. మొదటి నుంచి చివరిదాకా వరసగా వెతకొద్దు. మధ్యలో పట్టుకోండి.

క్లచ్ నొక్కి, గేరు న్యూట్రల్‌లో ఉంచి ఒకరు తాళం తిప్పుతుండగా సేఫ్టీ స్విచ్ అవతలి వైపు టెస్ట్ ల్యాంపు పెట్టండి. ల్యాంపు రెండో చివర గట్టి ఎర్త్‌కు ఉండాలి. వెలిగితే అక్కడిదాకా అంతా సవ్యంగా ఉంది, మిగిలిన సగమే చూడాలి. వెలగకపోతే లోపం వెనక సగంలో ఉంది. మళ్లీ ఆ సగంలో మధ్య పట్టుకోండి. ఇలా రెండు మూడు సార్లలో లోపం ఏ రెండు బిందువుల మధ్య ఉందో తేలిపోతుంది.

సొలినాయిడ్ దగ్గర మాత్రం సన్న వైరును తీయకుండానే మీటరుతో కొలవండి. చిన్న బల్బుకు చాలిన కరెంటు సొలినాయిడ్‌ను లాగడానికి చాలకపోవచ్చు. అక్కడ పది వోల్టులకు తగ్గకుండా వస్తూ కూడా టక్ అనకపోతే అప్పుడు సొలినాయిడ్ మార్చాల్సిందే.

సేఫ్టీ స్విచ్ పోయిందని తేలితే దాని వైర్లు కలిపేసి పని కానివ్వాలని మనసు లాగుతుంది. ఆ పని చేయవద్దు. గేరులో ఉన్న బండి లేవకుండా మిమ్మల్ని కాపాడేది ఆ స్విచ్చే. ఫ్యూజు పోతే అదే ఆంపియర్లది వేయండి. కత్తి ఫ్యూజుల్లో ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. తీగ చుట్టడం, సిగరెట్ రేకు పెట్టడం చేస్తే తర్వాత కాలేది ఫ్యూజు కాదు, వైరింగ్ మొత్తం.

రేపు పొద్దున బయటపడే లోపం

మన మినీ ట్రాక్టర్లలో చాలావరకు మామూలు డీజిల్ పంపు ఇంజన్లు. ఒకసారి లేచాక నడవడానికి వాటికి కరెంటు అక్కర్లేదు. అందుకే ఆల్టర్నేటర్ చచ్చిపోయినా ఆ రోజు దున్నకం ఆగదు. మరునాడు పొద్దున బండి లేవదు. నింద బ్యాటరీ మీద పడుతుంది.

ఇంజన్ లేచాక కాస్త రేసులో ఉంచి బ్యాటరీ పోస్టుల మీద కొలవండి. 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉంటే చార్జింగ్ బాగుంది. 12.5 దగ్గరే ఉండి మెల్లగా దిగుతుంటే చార్జింగ్ లేదు. 15 దాటితే రెగ్యులేటర్ పోయింది. బ్యాటరీలో నీళ్లు తరచూ తగ్గిపోవడం దాని గుర్తు.

చార్జింగ్ లేకపోతే ఇంజన్ ఆపి ముందు బెల్టు చూడండి. బొటనవేలితో మధ్యలో నొక్కితే సుమారు ఒక సెంటీమీటరు వంగాలి. తర్వాత మీటరు బోర్డు మీది ఎర్ర బ్యాటరీ లైటు. తాళం వేయగానే వెలిగి, ఇంజన్ లేవగానే ఆరాలి. తాళం వేసినా వెలగకపోతే ఆ బల్బు పోయిందేమో చూడండి. చాలా ఆల్టర్నేటర్లకు మొదటి ప్రేరణ కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది. చిన్న బల్బు మాడిపోతే ఆల్టర్నేటరే నిద్ర లేవకపోవచ్చు. ఇవన్నీ సరిగా ఉంటేనే ఆల్టర్నేటర్ విప్పించండి.

నిలిపి ఉంచితే దిగిపోయే బ్యాటరీ

చార్జింగ్ బాగుంది, బ్యాటరీ బాగుంది, అయినా నాలుగు రోజులు నిలిపితే బండి లేవడం లేదంటే కరెంటు ఎక్కడో కారుతోంది. తాళం తీసి, నెగెటివ్ వైరు విప్పి, పోస్టుకూ వైరుకూ మధ్య మీటరును 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి కొలవండి. ఈ స్థితిలో సెల్ఫ్ మాత్రం కొట్టకూడదు. సాదా ట్రాక్టర్ అయితే దాదాపు సున్నా చూపాలి. 0.05 ఆంపియర్ దాటితే ఒక్కొక్క ఫ్యూజూ తీస్తూ చూడండి. ఏది తీయగానే అంకె పడిపోతుందో కారుడు ఆ దారిలోనే ఉంది. అన్నీ తీసినా పడకపోతే ఆల్టర్నేటర్ డయోడ్లను, ఫ్యూజు లేకుండా నేరుగా బ్యాటరీకి తగిలించిన టేప్‌రికార్డరు, ఎల్‌ఈడీ లైట్ల బారు, రెండో హారన్‌లను అనుమానించండి. ఒక్క 5 వాట్ల బల్బు రోజంతా వెలిగితే 10 ఆంపియర్ అవర్లు తాగుతుంది. 50 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి ఐదు రోజుల ఆయుష్షు.

అదనపు లైట్లు పెట్టించుకోండి, తప్పులేదు. విడి ఫ్యూజు, రిలే పెట్టించండి. వైర్లు మెలితిప్పి టేపు చుట్టకుండా టంకం వేసి, వేడికి ముడుచుకునే స్లీవ్ తొడిగించండి. ఒక ఇండికేటర్ వేస్తే రెండోది మసగ్గా వెలగడం, హారన్ కొడితే లైటు తగ్గడం, హెడ్‌లైట్ వేయగానే డీజిల్ ముల్లు కదలడం లాంటి వింతలు కనిపిస్తే బల్బులు మార్చకండి. ముందు ఎర్త్ బోల్టులు విప్పి గీకండి.

మెకానిక్ దగ్గరికి అంకెతో వెళ్లండి

ఆర్మేచర్, బెండిక్స్, డయోడ్లు ఆటో ఎలక్ట్రీషియన్ పని. అతని దగ్గరికి వెళ్లడం చిన్నతనం కాదు. అయితే "సెల్ఫ్ తీసుకోట్లేదన్నా, ఏందో చూడు" అంటే అతనూ ఊహతోనే మొదలుపెట్టాలి. "అన్నా, సెల్ఫ్ కొడితే బ్యాటరీ మీద 11.4 ఉంటంది, మోటార్ మీద కూడా 11 వస్తంది, అయినా తిరగట్లే" అని చెప్పి చూడండి. అతను నేరుగా బ్రష్‌ల మీదికి వెళ్తాడు. మీ డబ్బు, అతని సమయం రెండూ మిగులుతాయి.

ఈ వారం అభ్యాసం

ఇవన్నీ బండి చెడినప్పుడు నేర్చుకోవాల్సినవి కావు. బాగున్న రోజునే మీటరు పట్టండి. ఒక నోటు పుస్తకంలో ఒక పేజీ కేటాయించి, తేదీ వేసి ఈ ఆరు అంకెలు రాయండి:

1. పొద్దున స్టార్ట్ చేయకముందు బ్యాటరీ వోల్టులు.
2. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ వోల్టులు.
3. పాజిటివ్ పోస్టు నుంచి మోటార్ బోల్టు దాకా పోయిన వోల్టులు.
4. నెగెటివ్ పోస్టు నుంచి మోటార్ బాడీ దాకా పోయిన వోల్టులు.
5. ఇంజన్ రేసులో చార్జింగ్ వోల్టులు, లైట్లు వేసి ఒకసారి, ఆర్పి ఒకసారి.
6. తాళం తీశాక కారుతున్న ఆంపియర్లు.

ప్రతి పంట కాలం మొదట్లోనూ, పిచికారీలు ముగిశాకా ఇదే వరసలో మళ్లీ కొలిచి పక్కనే రాయండి. కిందటిసారి 0.1 ఉన్న ఎర్త్ ఈసారి 0.3 అయితే అది మీకు అందిన ముందస్తు కబురు. బండి ఇంకా ఆగలేదు, తోటలో పనీ ఆగలేదు. ఆ బోల్టును ఆదివారం తీరిగ్గా విప్పి శుభ్రం చేసుకోవచ్చు. పుస్తకం మీ డ్రైవర్‌కూ, మీ పిల్లలకూ చూపించి తర్వాతి కొలతలు వాళ్లచేత తీయించండి. ఇంట్లో ఇద్దరికి ఈ ఆరు అంకెలు తీయడం వస్తే, పని ముమ్మరంగా ఉన్న రోజున బండి మొరాయించినా ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరినీ అడగాల్సిన పని ఉండదు.